కనిపెట్టుకుని ఉండే ఊరు

బుడమేరుకి భయపడి బంగాళాఖాతం పక్కన ఇల్లు కొనుక్కున్నాను. ఈ మాట చెప్పినప్పుడల్లా వినేవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను, కాకపోతే నా నవ్వు మీద పందొమ్మిదేళ్ళ అప్పు ఉంది.

2024 సెప్టెంబరు మొదటి వారంలో విజయవాడ సింగ్‌నగర్‌లో మేముండే అద్దింటి కింది వాటా బుడమేరు వాగు నీళ్ళలో ఉంది. పై వాటాలో నేనూ, తొమ్మిదేళ్ళ మా అమ్మాయీ. నీళ్ళు ఎన్ని మెట్లెక్కాయో అది సుద్దముక్కతో గోడ మీద గీతలు గీసి లెక్క కట్టేది. ఏడో మెట్టు దగ్గర ఆగాయి. పడవల్లో పాలపొట్లాలు వచ్చాయి, మేడల మీదికి డ్రోన్లు అన్నం పొట్లాలు దించాయి. డ్రోను కనబడినప్పుడల్లా అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు భయపడే పని ఒకరూ ఆనందించే పని ఒకరూ పంచుకోవడం న్యాయమే అనుకున్నాను. బుడమేరుని విజయవాడ దుఃఖదాయిని అంటారన్నది కొత్తగా తెలిసిన సంగతేమీ కాదు. తెలిసి తెలిసి అక్కడ దిగడానికి కారణం ఒక్కటే, అద్దె తక్కువ. ఎందుకు తక్కువో ఆ వారం తెలిసింది.

నేను చేసేది ఒక బీమా కార్యాలయంలో, క్లెయిముల విభాగంలో. ఇతరుల ప్రమాదాలకి వెల కట్టడం నా బతుకుతెరువు. నీళ్ళు తీశాక మునిగిన కార్ల కాగితాలూ స్కూటర్ల కాగితాలూ బల్ల మీద గుట్టపడ్డాయి. ప్రతి కాగితంలోనూ ఘటనాస్థలం అన్న గడిలో మా వీధి పేరో పక్క వీధి పేరో ఉండేది. ప్రమాదానికి ఒక చిరునామా ఉంటుంది, రాసుకోవడానికి ఒక గడి ఉంటుంది. భద్రతకి అలాంటి గడి ఏ దరఖాస్తులోనూ చూడలేదు. ఒక సాయంత్రం అమ్మాయి రఫ్ నోటులోంచి ఒక పేజీ చింపి ఊళ్ళ పేర్లు రాయడం మొదలుపెట్టాను.

నాలాంటివాళ్ళకి తెలుగులో సరైన మాట ఇంకా కుదరలేదు. పత్రికలు 'ఒంటరి తల్లి' అంటాయి. పింఛన్ల పుణ్యమా అని సర్కారు కాగితాల్లో 'ఒంటరి మహిళ' స్థిరపడింది. రెండో మాట సంగతేమో గాని మొదటిది అసంభవం. స్నానాల గది తలుపు బయట కూర్చుని పదమూడో ఎక్కం అప్పజెప్పే మనిషి ఇంట్లో ఉండగా తల్లికి ఒంటరితనం ఎక్కడిది? కాస్త దొరికితే బాగుండుననిపించే రోజులు కూడా ఉంటాయి. అద్దెకిచ్చేవాళ్ళ లెక్క మాత్రం వేరు. వరద తరవాత మెరకలో ఇల్లు వెతుకుతూ, ఒక టు-లెట్ బోర్డు చూసి ఫోను చేశాను.

"ఫ్యామిలీయేనా అండీ?"

"ఫ్యామిలీయేనండీ."

"ఎంతమంది?"

"ఇద్దరం."

"మీరూ మీవారూనా?"

"నేనూ మా అమ్మాయీ."

కాసేపు ఫోనులో ఫ్యాను చప్పుడు. "మావారినడిగి చెప్తానండీ."

ఆవిడ మళ్ళీ చెయ్యలేదు. నాకు కోపమూ రాలేదు. సొంత ఇంట్లో ఒక వాటా అద్దెకివ్వడానికి మొగుణ్ణి అడగవలసిన మనిషి, ఎవరినీ అడగనక్కరలేని మనిషిని చూసి జంకడం సహజం. ఇద్దరు మనుషులు కుటుంబమా కాదా అన్న మీమాంస తీరాలంటే ఇల్లు సొంతమై ఉండాలని మాత్రం తేలింది. ఎవరూ తమ గుమ్మానికి తామే 'ఫ్యామిలీకి మాత్రమే' అని బోర్డు కట్టుకోరు కదా.

జాబితాలో హైదరాబాదు లేదు. నా జీతానికి హైదరాబాదులో దొరికే ఇల్లు హైదరాబాదులో ఉండదు. ఆ పేరు తగిలించుకుని ఇంకో జిల్లాలో ఉంటుంది. బదిలీ అడగడానికి వీలున్నవి నాలుగు: విజయనగరం, తెనాలి, రాజమహేంద్రవరం, కాకినాడ. విజయనగరం కోటకీ సంగీత కళాశాలకీ మనసు లాగింది గాని, మా అమ్మ ఉండే మండపేటకి అది దూరం. తెనాలి మరీ దగ్గర. అమ్మకి కాదు, తక్కిన చుట్టాలకి. చుట్టాల విషయంలో దూరమన్నది బహు సున్నితమైన కొలత. జ్వరం తగిలితే వచ్చి వాలేంత దగ్గరుండాలి, జ్వరం లేనప్పుడు చెప్పకుండా రాలేనంత దూరముండాలి. రాజమహేంద్రవరంలో గట్టు మీద నిలబడితే ఎవరికైనా ఉండిపోవాలనే అనిపిస్తుంది. కాని నిండుగా పారే నీళ్ళని చూసి ముచ్చటపడే దశ మాకింకా తిరిగి రాలేదు. అమ్మాయిని అడిగితే దానికి కావలసింది సముద్రమూ, ఒక కుక్కపిల్లా అని చెప్పింది. సగం తీర్చగలననిపించింది.

భద్రతని కొలవడానికి ముందు నేరాల పట్టికలు తిరగేశాను. వృత్తిరీత్యా నాకు అంకెల మీద నమ్మకం. ఆ వృత్తివల్లే అనుమానమూను. ఫిర్యాదులు తక్కువున్న ఊళ్ళో అఘాయిత్యాలు తక్కువ కావచ్చు, నోరు విప్పేవాళ్ళు తక్కువ కావచ్చు. ఎక్కువున్న ఊళ్ళో ఆడవాళ్ళు జంకకుండా పోలీసు స్టేషను మెట్లెక్కుతున్నారేమో ఎవరు చూశారు? పట్టిక మూసేసి, ఒక శనివారం కాకినాడ వెళ్ళి, రాత్రి తొమ్మిది వేళ రామారావుపేటలో ఒక సందు మొగలో బజ్జీల బండి పక్కన నిలబడ్డాను. నైటీ మీద చున్నీ వేసుకున్న ఒకావిడ పెరుగు ప్యాకెట్టుకని కొట్టుకొచ్చింది. చేతిలో పర్సు లేదు, ఫోను లేదు. పిడికిట్లో మడత పెట్టిన ఇరవై నోటు. చిల్లర తక్కువైతే కొట్టతను రేపిమ్మన్నాడు. ఆవిడ తిరిగి వెళ్తూ ఎవరి గేటు దగ్గరో ఆగి, పెరుగు ప్యాకెట్టు చెమర్చి చున్నీ తడిసేదాకా మాట్లాడి, అప్పుడు వెళ్ళింది. వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. నైటీ మీద చున్నీతో ఆడమనిషి చీకట్లో ఎంత దూరం నడవగలదన్నదే ఒక వీధి భద్రతకి నేనెరిగిన నికరమైన కొలత. గంటలో అలాంటివాళ్ళని నలుగురిని లెక్కపెట్టాను.

నన్ను కూడా ఎవరో లెక్కపెడుతున్నారని కాస్త ఆలస్యంగా తెలిసింది. రెండో ప్లేటు అందిస్తూ బజ్జీలతను, "ఎవరింటికొచ్చారమ్మా?" అని అడిగాడు.

చిక్కంతా ఇక్కడే. ఆ వీధి ఆవిడకి అంత నిశ్చింతగా ఉండడానికి కారణం, కొత్త మనిషి కనబడితే అది అడుగుతుంది. నేను ఊరు మారాలనుకున్న కారణాల్లో సగం ఆ అడగడమే. ఎవరూ ఏమీ అడగని చోటు కావాలి. నా బిడ్డ బడి నుంచి రావడం ఆలస్యమైతే మాత్రం ఎవరో ఒకరు అడగాలి. గేటెడ్ కమ్యూనిటీల వాళ్ళు ఈ రెంటినీ తెలివిగా విడదీసి అమ్ముతారు. అడిగే పనికి జీతమిచ్చి గేటు దగ్గర ఒక మనిషిని నిలబెడతారు, లోపలివాళ్ళు ఒకరినొకరు అడగనక్కరలేదు. అడగకుండా ఉండేందుకే అక్కడ అడుగుకింత అని వసూలు. అది నా తాహతుకి మించిన మౌనం. మామూలు వీధిలో రెండూ కలిపి చవగ్గా వస్తాయి, విడిగా ఇవ్వరు.

కాకినాడని 'పెన్షనర్స్ ప్యారడైజ్' అంటారు. పదేళ్ళ పిల్లని పెంచడానికి పింఛనుదారుల స్వర్గం దొరికిందా అక్కా అని తమ్ముడు వేళాకోళమాడాడు. గళ్ళ నోటుబుక్కులో గీసినట్టు నిలువూ అడ్డమూ వీధులు. దారి తప్పుదామన్నా కుదరదు. మద్రాసు నుంచి హౌరా పోయే రైలు మార్గం సామర్లకోట మీదుగా వెళ్ళిపోతుంది గనక, ఈ ఊరికి వచ్చేవాళ్ళు దీనికోసమే బయలుదేరి రావాలి. ఇక సముద్రం సంగతి. కాకినాడ రేవుకీ బంగాళాఖాతానికీ మధ్య హోప్ ఐలాండ్ అని దాదాపు పదహారు కిలోమీటర్ల పొడవున ఇసుక దిబ్బ ఉంది. గోదావరి పాయ సుమారు రెండు వందల ఏళ్ళుగా మోసుకొచ్చి పోసిన ఒండ్రూ ఇసకా అది. అలల దెబ్బ అది కాసుకోవడం వల్ల ఊరి ముందు సముద్రం చెరువులా ఉంటుంది. కట్టని గోడ, కూలి అడగని గోడ. దానికి ఉత్తరంగా ఉప్పాడ తీరం మాత్రం ఏటేటా కోసుకుపోతూనే ఉంది. పెద్ద తుపాను వస్తే బీచి రోడ్డు తెగుతుంది. 1996 తుపాను గురించి ఇక్కడివాళ్ళు ఇప్పటికీ నవంబరు ఆరు అని తారీఖుతో సహా చెబుతారు. ఇదంతా తెలిసే వచ్చాను. సముద్రం మీది తుపాను రెండు మూడు రోజుల ముందు కబురు పెట్టి వస్తుంది. బుడమేరు తెల్లవారేసరికి గుమ్మంలో ఉంది. కబురు చేసి వచ్చే చుట్టాన్నీ చెప్పకుండా దిగే చుట్టాన్నీ ఒకే గాటన కట్టలేం.

కొన్నది పదిహేనేళ్ళ పాత ఫ్లాటు, మూడో అంతస్తు. బ్యాంకు వాళ్ళు లింకు దస్తావేజులన్నీ అడిగారు, ముప్పయ్యేళ్ళ ఈసీ తీయించమన్నారు. ఇల్లు కొనేటప్పుడు ఇంటి గతం కావాలి. అద్దెకి దిగేటప్పుడు మనిషి గతం కావాలి. నా వరకు మొదటిదే సుళువు, మీసేవలో దరఖాస్తు పెడితే కాగితం వస్తుంది. స్టాంపు డ్యూటీ, బదలాయింపు సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిసి 7.5 శాతం. ఆడవాళ్ళ పేరున అప్పు తీసుకుంటే వడ్డీలో 0.05 శాతం తగ్గిస్తామన్నారు. నా పాతిక లక్షల మీద మొదటి ఏడు అది పన్నెండు వందల యాభై. నెలకొక పావుకిలో గొట్టం కాజా వస్తుందేమో. స్త్రీ జాతికి జరిగిన గౌరవాన్ని కాదనడం ఎందుకని పుచ్చుకున్నాను.

దస్తావేజు రాసే ఆయన కీబోర్డు మీద వేళ్ళు పెట్టి, "ఎవరి భార్య అని రాయమంటారు?" అన్నాడు. "కుమార్తె అని రాయండి" అన్నాను. తలెత్తకుండానే కొట్టేశాడు. నలభయ్యొకటో ఏట, ఆరేళ్ళ కిందట పోయిన మా నాన్న పేరు కింద మళ్ళీ కూతురినయ్యాను. కాస్త కిందికి వెళ్తే 'పుత్ర పౌత్ర పారంపర్యంగా' అనుభవించమని నన్ను దీవిస్తున్న వాక్యం వచ్చింది. నాకున్నది కూతురు, పుత్రిక అని చేర్చడం కుదురుతుందా అని అడిగాను. "సాఫ్ట్‌వేర్‌లోనే అలా ఉందండీ" అన్నాడు, పాపం, కొంచెం నొచ్చుకుని. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి కొడుకులతో సమానంగా వాటా మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచే ఉంది. దేశమంతటికీ రావడానికి ఇంకో ఇరవయ్యేళ్ళు పట్టింది. సమాసం మాత్రం కదల్లేదు. తాటాకు నుంచి స్టాంపు కాగితానికీ, అక్కణ్ణుంచి కంప్యూటరుకీ చెక్కుచెదరకుండా ఎక్కి కూర్చుంది.

అదే దస్తావేజులో ఇంకో వింత ఉంది. ఫ్లాటుతోపాటు నాకు ముప్పయ్యారు గజాల నేల వచ్చింది, 'విడదీయరాని ఉమ్మడి వాటా'గా. ఎక్కడుందో ఎవరూ చూపించలేరు. కుండీ పెట్టుకుందామన్నా ఇదిగో ఇక్కడ అనడానికి లేదు. ఉమ్మడి కాపురంలోంచి బయటపడడానికి కోర్టు చుట్టూ మూడేళ్ళు తిరిగిన మనిషిని, ముఖపరిచయం లేని పదకొండు కుటుంబాలతో విడదీయరాని ఉమ్మడిలోకి చేరాను. ఈసారి మాత్రం ఇష్టపడి, డబ్బిచ్చి, సాక్షుల ఎదుట వేలిముద్ర వేసి.

ఒక రాత్రి వాయిదాల పట్టిక ముందు పెట్టుకుని కూర్చుంటే తమ్ముడి వేళాకోళం ఇంకో రకంగా వినబడింది. చివరి వాయిదా నా పదవీ విరమణ నెలలో పడుతుంది. అప్పటికి అమ్మాయికి ఇరవై తొమ్మిదేళ్ళు. ఎక్కడో ఉంటుంది, ఇక్కడ మాత్రం ఉండదు. ఎవరి భద్రత కోసం ఊరు వెతికానో ఆ మనిషి ఎనిమిదేళ్ళలో పెట్టె సర్దుకుంటుంది. వెళ్ళాలి కూడా; ధైర్యంగా వెళ్ళగలగడం కోసమే కదా ఈ ఊరు. మిగిలేది నేను. అంటే పిల్ల పేరు చెప్పి నా ముసలితనానికి ఊరు చూసుకున్నానన్న మాట. ఆ సంగతి ఊరికి ముందే తెలిసినట్టుంది, అందుకే ఆ బిరుదు.

ఎదుటి ఫ్లాటులో రిటైరైన హెడ్మిస్ట్రెస్సు ఒకావిడ ఉంటారు. అందరూ మామ్మగారంటారు. పాలు పొంగించిన రోజే వచ్చి, గిన్నె దింపకుండానే, "మీవారు ఎక్కడ చేస్తారమ్మా?" అన్నారు. చెప్పాను, ఉన్నదున్నట్టు, రెండు వాక్యాల్లో. ఆవిడ "అలాగా" అని, పరమాన్నం తీపి సరిపోయిందన్నారు. సాయంత్రానికి లిఫ్టులో అందరూ నాకు కొంచెం ఎక్కువ చోటిచ్చారు. ఎన్ని గంటలకొస్తాను, ఆదివారం ఎవరొచ్చారు, పిల్ల ఎందుకు దగ్గుతోంది, అన్నీ ఆవిడకి కావాలి. మొదటి నెల ఆవిడ తలుపు తీసిన చప్పుడైతే నేను మెట్ల వైపు తిరిగేదాన్ని.

ఒక మధ్యాహ్నం వాన హెచ్చరిక అని బడి ముందే వదిలేశారు. బడి నుంచి వచ్చిన సందేశం నేను ఆఫీసు సమావేశంలోంచి బయటికొచ్చాక చూశాను, అప్పటికి గంటన్నర దాటింది. స్కూటరు ఎలా నడిపానో గుర్తు లేదు. మూడో అంతస్తు చేరేసరికి మామ్మగారింట్లో మా అమ్మాయి తుడిచిన తలతో, ఆవిడ చీర చుట్టుకుని, పెరుగన్నంలో మాగాయ నంజుకుంటోంది. ఆటో గేటు దగ్గర ఆగడం బాల్కనీలోంచి చూశారట. "రోజూ నాలుగూ పదికి కదా వచ్చేది, రెండింటికే దిగిందేమా అనుకున్నాను" అన్నారు. ఎవరు ఎన్నింటికి వస్తారో తెలియని చోట, తొందరగా రావడం ఎవరికీ తెలియదు.

తెలుగులో కనిపెట్టడమంటే ఆరా తీసి పట్టుకోవడం. కనిపెట్టుకుని ఉండడమంటే కాచుకుని ఉండడం. రెండింటికీ క్రియ ఒకటే. భాష ఎప్పుడో చూసి పెట్టుకున్న సంగతి తెలుసుకోవడానికి నాకు నాలుగు ఊళ్ళూ ఒక వరదా పట్టింది. ఆవిడ ప్రశ్నలు తగ్గాయని కాదు. మొన్న కూడా ఫోనులో అంతసేపు ఎవరితోనమ్మా అని అడిగారు, ఆఫీసు అన్నాను, నమ్మలేదు.

ఇంటి రెండో తాళంచెవి ఇప్పుడు ఆవిడ ఫ్రిజ్ మీద, కళ్ళజోడు పెట్టె పక్కన ఉంటుంది.