యంత్రం లేని ఫ్యాక్సు, అందుకోని రాజ్‌భవన్

ఎప్పుడో ఒకసారి ఫ్యాక్సు పంపవలసి వచ్చేవారు అందుకోసం యంత్రం కొననక్కరలేదు. పత్రాన్ని ఇంటర్నెట్ ఫ్యాక్సు సేవకు అప్పగిస్తే చాలు. ఆ సేవకు చెందిన సర్వరు ప్రతి పుటనూ నలుపు తెలుపు చిత్రంగా మార్చి, అవతలి టెలిఫోను నంబరుకు తానే డయల్ చేసి పంపుతుంది. అవతలి యంత్రం స్వీకరిస్తే ధ్రువీకరణ వస్తుంది; పలకకపోతే, మరికొన్ని ప్రయత్నాల తరువాత, పంపలేకపోయినట్లు కబురు వస్తుంది. పంపేవారికి యంత్రం అక్కర తీరింది. అందుకోవలసినవారి బాధ్యత మాత్రం తీరలేదు.

2018 నవంబరు 21న జమ్మూ కాశ్మీర్‌లో జరిగినది ఇదే. పీడీపీ, నేషనల్ కాన్ఫరెన్స్, కాంగ్రెస్ పార్టీల సభ్యులు కలిపి 56 మంది అవుతారని, ప్రభుత్వం ఏర్పాటు చేస్తామని మెహబూబా ముఫ్తీ శ్రీనగర్ నుండి గవర్నర్ సత్యపాల్ మాలిక్‌కు లేఖ రాశారు. సభలో ఎన్నికయ్యే స్థానాలు 87. రాజ్‌భవన్ ఫ్యాక్సు పలకలేదు. ఆమె లేఖను ట్విట్టర్‌లో పెట్టారు. బీజేపీ మద్దతు ఉన్నదంటూ సజ్జాద్ లోన్ తన లేఖను వాట్సాప్‌లో పంపారు. ఆ రాత్రే శాసనసభ రద్దయింది.

ఆ రోజు మిలాద్ పండుగ సెలవని, ఫ్యాక్సు చూసేవారే లేరని గవర్నర్ మరునాడు వివరించారు. ఫ్యాక్సు అందినా తన నిర్ణయం మారేది కాదని కూడా అన్నారు. ఈ రెండవ మాటతో మొదటి మాటకు విలువ లేకుండా పోయింది. లోపం యంత్రానిది మాత్రమే అయితే, లోకమంతా చదివిన లేఖను గురించి ఒక్క ఫోను చేసి అడగవచ్చు. మెజారిటీ తేలవలసినది సభలోనే అని బొమ్మై కేసులో సుప్రీంకోర్టు 1994లోనే చెప్పి ఉన్నది. ఆ మూడు పార్టీల పొత్తు నిలిచేదా, కూలేదా అన్నది సభ తేల్చవలసిన విషయం.

దాని మూల్యం తొమ్మిది నెలలలోపే తెలిసింది. 2019 ఆగస్టులో 370 అధికరణం ప్రత్యేక ప్రతిపత్తిని రద్దు చేసి, రాష్ట్రాన్ని రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా విభజించినపుడు అభిప్రాయం చెప్పేందుకు అక్కడ శాసనసభ లేదు. ఆ సభ పాత్రను పార్లమెంటే పోషించింది. ఆంధ్రప్రదేశ్ విభజన బిల్లును 2014 జనవరిలో శాసనసభ మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఆ తిరస్కారం విభజనను ఆపలేదు. అయినా అనుకూలురు, ప్రతికూలురు తమ మాట చెప్పుకునేందుకు ఒక సభ ఉన్నది, ఆ మాటలు రికార్డులో నిలిచాయి. కాశ్మీరీలకు ఆపాటి అవకాశం కూడా దక్కలేదు. వారు తిరిగి శాసనసభకు ఓటు వేసినది 2024లో.

నేడు రాజ్‌భవన్‌కు వచ్చే ఫ్యాక్సు నేరుగా ఈమెయిలుకు చేరేలా ఏర్పాటు చేయడం తేలిక. పండుగ సెలవు దానికి అడ్డు కాదు. కానీ వచ్చిన లేఖను తెరిచి, చదివి, జవాబివ్వవలసిన రాజ్యాంగ విధిని ఏ సర్వరుకూ అప్పగించలేము.