మూడు గుక్కల మజ్జిగ

బరువు తగ్గే ఆపరేషనై 22 రోజులు. పొట్టలో సుమారు 80 శాతం తీసేశాక మిగిలింది అరటిపండంత సంచి. మూడు గుక్కల మజ్జిగకే గొంతుదాకా నిండిపోతుంది. నిన్న కుక్కర్ దించబోతే చేతులు వణికాయి. అత్తయ్యగారే వచ్చి దించి, "కూర్చోమ్మా, నే చూస్తాలే" అన్నారు. ఆ మాటకే ఏడుపొచ్చింది.

అంతకన్నా ఏడిపించింది బరువు చూసే మిషన్. రెండు వారాలు గబగబా దిగిన ముల్లు ఇప్పుడు వారం నుంచీ కదలదు. తిండీ లేదు, తగ్గడమూ లేదు, మరెందుకమ్మా ఈ కోత? మూడోవారంలో చాలామందికి ఇలాగే ఆగుతుందట. రోజుకి 60 గ్రాముల ప్రొటీన్ తప్పకూడదంది డైటీషియన్. (ఆ పొడి రుచి అడక్కండి, సున్నిపిండి నయం!) మూడోనెలలో జుట్టు రాలుతుందనీ, మళ్ళీ వస్తుందనీ కూడా చెప్పింది. ఇంటికొచ్చి జడ ఒకసారి తడిమి చూసుకున్నాను.

ఇవాళ మిషన్ని మంచం కిందికి తోసేసి డాబామీద నాలుగు చుట్లు తిరిగాను. నిన్న రెండే.