శంషాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎన్ని గంటలు?

గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే శంషాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దాదాపు 13,500 కిలోమీటర్లు. ఆ దారం ఐరోపా వైపు పోనేపోదు. ఇంచుమించు ఉత్తరానికి లేచి, టిబెట్, సైబీరియాలు దాటి, ఆర్కిటిక్ అంచు తాకి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. ఆ దారిన తిన్నగా తీసుకెళ్లే విమానం మాత్రం హైదరాబాద్‌వాళ్లకు లేదు.

అందుకే శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా తెలుగు ఇళ్లలో ఎన్ని గంటల ప్రయాణమని అడిగితే ఎదురుప్రశ్న వస్తుంది: "దుబాయ్ మీదుగానా, హాంకాంగ్ మీదుగానా?" దుబాయ్ అయితే ముందు నాలుగు గంటలు, ఆ తర్వాత దాదాపు 16 గంటలు ఒకే సీట్లో. హాంకాంగ్ అయితే ఐదున్నర, ఆపైన పన్నెండో పదమూడో. మధ్యలో పడిగాపులు అదనం.

ఇక్కడ దూరం కంటే గాలి మాటే ఎక్కువ చెల్లుతుంది. విమానాలు ఎగిరే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ ఉరవడిగా వీస్తుంది. తూర్పుకు వెళ్లే విమానాన్ని అది వెనకనుంచి తోస్తుంది, తిరుగు ప్రయాణంలో ఎదురొస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి హాంకాంగ్‌కు తిరిగి రావడానికి 14, 15 గంటలు పట్టేది అందుకే. 2016లో ఎయిర్ ఇండియా ఈ గాలినే నమ్ముకుంది. ఢిల్లీ నుంచి అట్లాంటిక్ మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కోకు 13,900 కిలోమీటర్లు; పసిఫిక్ మీదుగా 15,300. సంస్థ పొడుగు దారే ఎంచుకుంది, ప్రయాణం దాదాపు రెండు గంటలు తగ్గింది. చుట్టు తిరిగి ముందే చేరడమన్నమాట!

2021 జనవరిలో అదే సంస్థ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా నడిపిన తొలి విమానంలో పైలట్లందరూ మహిళలే. ఆ నెలలోనే హైదరాబాద్, షికాగోల మధ్య నాన్‌స్టాప్ మొదలైతే మనవాళ్లు మురిసిపోయారు. అది ఎక్కువ కాలం నిలవలేదు.

గాలి ఒక్కటే కాదు, తగాదాలూ గంటలు పెంచుతాయి. 2022లో రష్యా తన గగనతలాన్ని అమెరికా, ఐరోపా విమానాలకు మూసేసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ భారత విమానాలకు మూసింది. ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికాకు వెళ్లే కొన్ని విమానాలు ఇంధనం కోసం వియన్నాలోనో కోపెన్‌హాగన్‌లోనో దిగాల్సి వచ్చింది.

పిల్లల దగ్గరికి ఒంటరిగా బయల్దేరే అమ్మలకు అసలు బెంగ గాల్లో ఉండే గంటల గురించి కాదు, విమానం మారే చోటు గురించి. నడవగలిగినా వీల్‌చెయిర్ రాయించేది అందుకే: గేటు వెతుక్కునే పని తప్పుతుంది. "ఫలానా తేదీన మా అమ్మ వస్తోంది, అదే విమానంలో ఎవరైనా ఉన్నారా?" అని వాట్సాప్ గ్రూపుల్లో తోడు వెతకడమూ మామూలే. రెండుచోట్ల మారే చవక టికెట్టు కుర్రాళ్లకైతే సరే, డెబ్బై ఏళ్లవాళ్లకు కొనడం పొదుపు అనిపించుకోదు.

ఇక షుగరు, బీపీ మాత్రల చిక్కు. హాంకాంగ్‌లో మధ్యాహ్నం ఎక్కితే, తేదీ రేఖ దాటి శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే తేదీ ఉదయం దిగుతారు. మరి రాత్రి మాత్ర ఎప్పుడు వేసుకోవాలి? తెలిసిన పిల్లలు బయల్దేరకముందే డాక్టరును అడిగి, ఇండియా టైము ప్రకారం ఏ మాత్ర ఎన్నింటికో కాగితం మీద తెలుగులో రాయించి, దాన్ని హ్యాండ్‌బ్యాగులోనే పెట్టిస్తారు. చేతి గడియారం టైము మాత్రం దిగేదాకా మార్చొద్దంటారు.