మంథని దారులు, సైకిలు వెనుక చక్రము



పెద్దపల్లి నుండి తూర్పుగా వెళ్ళే బస్సు వరి పొలములను, చెరువు కట్టలను, తాటిచెట్ల వరుసలను దాటి మంథని చేరుతుంది. ఊరికి ఉత్తరమున గోదావరి, తూర్పు వైపున ఆ నదిలో కలిసే మానేరు ఉన్నవి. గోదావరికి అవతల పాత ఆదిలాబాదు జిల్లా చెన్నూరు ప్రాంతము. పూర్వము మంత్రపురి అని పిలువబడిన ఈ ఊరు వేదపండితులకు పేరు పొందినది. 1957 మొదలుకొని వరుసగా నాలుగు ఎన్నికలలో పి.వి. నరసింహారావు గారిని శాసనసభకు పంపిన నియోజకవర్గము ఇదే. ఆయన 1991లో దేశ ప్రధాని అయ్యారు. కరీంనగర్ జిల్లాలో ఉండిన మంథని 2016 అక్టోబరు నుండి పెద్దపల్లి జిల్లాలో భాగమైనది.

ఊరి చరిత్ర చెప్పేవారు ఈ సంగతులన్నీ చెబుతారు. ఈ దారుల మీద రోజూ తిరిగే వారికి వీటికంటే దగ్గర సంగతి ఒకటి ఉన్నది. అది వారి సైకిలు వెనుక చక్రములో, అరచేతిలో పట్టేంత ఇనుప వస్తువు. సైకిలు దుకాణములో దానిని ఫ్రీవీలు అంటారు. అది బాగున్నంత కాలము దాని ఊసు ఎవరికీ పట్టదు. చెడిన రోజున మాత్రము పాలు కేంద్రానికి చేరవు, పిల్ల బడికి చేరదు.

మోటారు సైకిళ్ళు పెరిగిన మాట నిజమే. అయినా తెల్లవారుజామున మంథని వచ్చే పల్లె దారి పక్కన కాసేపు నిలబడండి. హ్యాండిలుకు పాల క్యాన్లు తగిలించుకున్నవారు, క్యారియరు మీద పచ్చగడ్డి మోపు కట్టుకున్నవారు, భుజాన పుస్తకాల సంచితో పిల్లలు ఇప్పటికీ కనబడతారు. పేద ఇంటిలో సైకిలు ఒక్కటే, పనులు నాలుగు. ఉదయము పాలకు, తరువాత బడికి, సాయంకాలము పొలమునకు, ఆదివారము ఆరాధనకు. క్యారియరు మీద తల్లిని, ముందు కడ్డీ మీద చిన్నవానిని కూర్చుండబెట్టుకొని వచ్చే తండ్రులు మన సంఘములలో ఉన్నారు.

ఆడపిల్లల చదువుకు సైకిలు ఎంత ఆధారమో బీహారులో తేలినది. అక్కడి ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతిలో చేరే బాలికలకు సైకిళ్ళు ఇచ్చుట ప్రారంభించినది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అను ఆర్థిక శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించి, ఉన్నత పాఠశాలలో వయసుకు తగిన తరగతిలో చేరిన బాలికల సంఖ్య సుమారు 32 శాతము పెరిగినదని 2017లో ప్రచురించారు. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగము బడి మూడు కిలోమీటర్లు, అంతకంటే దూరమున్న గ్రామములలోనే కనబడినది. బడికి దూరముగా ఉన్న పల్లెకు సైకిలు ఇంత మేలు చేయగలదంటే, అది చెడి మూలన పడిన ఇంటిలో పిల్ల ఏమి కోల్పోతుందో మనమే ఊహించుకొనవచ్చును.

ఇక ఆ వస్తువు సంగతి చూతము. మొదటి కాలపు సైకిళ్ళలో చక్రము తిరిగినంత సేపు పెడళ్ళు కూడా తిరిగేవి. పల్లములో దిగేటప్పుడు కాళ్ళు పైకెత్తి కూర్చుండవలసి వచ్చేది. 1869లో అమెరికా దేశస్థుడు విలియం వాన్ ఆండెన్ ఇందుకు ఒక ఉపాయము కనిపెట్టి పేటెంటు పొందాడు. తొక్కితే చక్రము కదలవలెను, తొక్కుట ఆపితే పెడళ్ళు నిలిచి చక్రము మాత్రము తిరగవలెను. ఫ్రీవీలు చేసే పని అంతే.

దానిలో రెండు భాగములు ఉంటాయి. లోపలి భాగము వెనుక హబ్బుకు మరలతో బిగించబడి ఉంటుంది. వెలుపలి భాగము చైను కూర్చునే పళ్ళ చక్రము. మన మామూలు సైకిళ్ళలో దీనికి సాధారణముగా 18 పళ్ళు. రెండింటి మధ్య చిన్న ఉక్కు గుండ్లు, చిన్న నాలుకల వంటి రెండు ఉక్కు ముక్కలు, వాటిని పైకి నెట్టే సన్నని స్ప్రింగులు ఉంటాయి. ముందుకు తొక్కినప్పుడు ఆ నాలుకలు వెలుపలి భాగము లోపలి పళ్ళకు తగులుకొని చక్రమును లాగుతాయి. తొక్కుట ఆపితే పళ్ళ మీదుగా జారిపోతాయి. మనకు వినబడే టిక్ టిక్ చప్పుడు అదే.

ఆ నాలుకల మీద పడే భారము తక్కువ కాదు. ముందు 44 పళ్ళు, వెనుక 18 పళ్ళు ఉన్న పెద్ద చక్రముల సైకిలు, పెడలు ఒక చుట్టు తిరిగితే సుమారు ఐదున్నర మీటర్లు పోతుంది. పది కిలోమీటర్ల దారికి పద్దెనిమిది వందల చుట్లు. మనిషి బరువు, గడ్డి మోపు, ఎదురుగాలి, అన్నీ ఆ రెండు నాలుకల కొనల మీదనే నిలుస్తాయి.

ఈ ప్రాంతములో వాటికి శత్రువులు కూడ ఎక్కువ. మొదటిది ఇసుక. గోదావరి, మానేరు ఒడ్డు ఊళ్ళవారు ఎండకాలము నదిగర్భము మీదుగానే అవతలికి పోతుంటారు. ముత్తారం మండలము ఓడేడు వద్ద మానేరు మీద 2016లో మొదలైన వంతెన పూర్తి కాకముందే దాని దూలములు 2024 ఏప్రిలులో కూలిపోయినవి. వంతెన లేని చోట సైకిలును ఇసుకలో తోయవలసినదే. రెండవది బొగ్గు పొడి. మంథని నుండి సెంటినరీ కాలనీ మీదుగా గోదావరిఖనికి పోయే దారి సింగరేణి గనుల ప్రాంతము. లారీలు లేపిన నల్లని దుమ్ము చైను నూనెకు అంటుకొని ముద్దవుతుంది. మూడవది నీరు. 2022 జూలైలో గోదావరి వరద మంథని పట్టణములోనికే వచ్చినది. బురద నీటిలో మునిగి నిలిచిన సైకిలు ఎండిన తరువాత పైకి బాగానే కనబడుతుంది, లోపల మాత్రము స్ప్రింగులకు తుప్పు పడుతుంది. దీనికి తోడు రామగుండము వైపు ఎండలు మనకు తెలిసినవే. దుమ్ము కలిసిన నూనె ఆ వేడికి జిగటగా మారుతుంది.

ఫ్రీవీలు రెండు విధములుగా చెడుతుంది. ఒకటి, నాలుకలు లోపలే అతుక్కొని గాని కొనలు అరిగి గాని పట్టు తప్పుట. అప్పుడు పెడలు ఉన్నట్టుండి కాలి కింద ఖాళీగా తిరుగుతుంది. వంతెన ఎత్తు ఎక్కుచు లేచి నిలబడి తొక్కేవాడు ముందు కడ్డీ మీద పడతాడు. వెనుక లారీ వస్తుంటే ఏమగునో చెప్పనక్కరలేదు. రెండవది, గుండ్లు పట్టుకుపోయి తిరగకుండుట. అప్పుడు తొక్కుట ఆపినా పెడళ్ళు కాళ్ళను నెడుతూనే ఉంటాయి, చైను పై వైపున వదులై వేలాడి బయటికి దూకుతుంది. చీర కుచ్చెళ్ళు, లంగా అంచులు చైనులో చిక్కుకొనే ప్రమాదము అప్పుడు పెరుగుతుంది.

ఈ రెండు ప్రమాదములకు ముందు చాల వరకు హెచ్చరిక వస్తుంది. టిక్ టిక్ చప్పుడు ఒక రోజు తగ్గుతుంది, లేదా కరకరమని మారుతుంది. పెడలు తొక్కిన వెంటనే పట్టక, కొంచెము తిరిగిన తరువాత పట్టుతుంది. ఆ రోజే చూడవలెను. ఇంటిలోనే చేయదగిన పరీక్షలు ఇవి.

మొదట సైకిలును స్టాండు మీద నిలిపి, వెనుక చక్రము నేలకు తగలకుండ చూడండి. పెడలును వెనుకకు తిప్పండి. సమానమైన చప్పుడు రావలెను. చప్పుడే లేకపోతే నాలుకలు అతుక్కున్నవని అర్థము. తరువాత పెడలును ముందుకు తిప్పి వదలండి. చక్రము తిరుగుతుండగా పెడళ్ళు నిలిచిపోవలెను. అవి కూడ చక్రముతో పాటు తిరుగుతూ ఉంటే గుండ్ల వద్ద జిగట గాని తుప్పు గాని ఉన్నది.

కొన్ని ఫ్రీవీళ్ళు స్టాండు మీద బాగుండి బరువు పడినప్పుడే జారుతాయి. అందుకు సైకిలు దిగి, వెనుక బ్రేకు గట్టిగా పట్టి, పెడలును చేతితో బలముగా కిందికి నొక్కండి. చక్రము కదలకుండ పెడలు జారితే, ఏది కదిలినదో చూడండి. చైను పళ్ళ మీదికి లేచి దూకితే అరిగినది చైను లేక పళ్ళు. చైను కుదురుగా కూర్చుండి, పళ్ళ చక్రము మాత్రము తిరిగి హబ్బు నిలిచిపోతే దోషము ఫ్రీవీలుదే. ఫ్రీవీలు మొత్తము హబ్బు మీద తిరుగుతుంటే హబ్బు మరలు తెగినవి. కొత్త ఫ్రీవీలు కొన్నా ఆ హబ్బు మీద నిలువదు.

మరి రెండు లోపములు ఫ్రీవీలు మీద నింద వేయిస్తాయి. పెడలు చుట్టుకు ఒకసారి, అదే చోట టక్కుమని కదిలితే అది ముందున్న కాటర్ పిన్ను వదులైనది. చక్రమును పట్టుకొని అటు ఇటు ఊపినప్పుడు చక్రమే కదిలితే ఇరుసు కోన్లు వదులైనవి, లేక ఇరుసు విరిగినది. ఫ్రీవీలు పళ్ళ చక్రము మాత్రము కొద్దిగా ఊగుట సహజమే, దానికి భయపడనక్కరలేదు. ఇవన్నీ తెలిసికొని దుకాణమునకు పోతే అక్కరలేని సామాను కొననక్కరలేదు.

అతుక్కున్న ఫ్రీవీలును ముందు కడిగి చూడవచ్చును. చక్రమును ఊడదీసి, ఫ్రీవీలు పైకి ఉండునట్లు రెండు ఇటుకల మీద పరుండబెట్టండి. తిరిగే భాగమునకు, తిరగని భాగమునకు మధ్య సన్నని సందు ఉంటుంది. అందులో కిరోసిను గాని డీజిలు గాని చుక్కలు చుక్కలుగా పోసి, పళ్ళ చక్రమును ఎడమ వైపుకు తిప్పుచు ఉండండి. పొయ్యికి, పిల్లలకు దూరముగా చేయవలెను. టైరు మీద పడనీయరాదు. నల్లని మురికి కారుట ఆగి తేట నూనె కారే వరకు పోసి, పూర్తిగా ఆరిన తరువాత కుట్టు మిషను నూనె వంటి పలుచని నూనె నాలుగైదు చుక్కలు వేయండి. మందమైన గ్రీజు అందులో పెట్టరాదు. అది నాలుకలను మరల అతికిస్తుంది.

కడిగినా ఒక్కసారి జారినదంటే మార్చవలసినదే. కొనలు అరిగిన నాలుకకు నూనె మందు కాదు. మామూలు ఫ్రీవీలు ధర ఒక రోజు కూలి కంటే తక్కువే. దాని మీద మిగిల్చే డబ్బు పడి దెబ్బ తగిలితే ఆసుపత్రి చీటీకి కూడ చాలదు. పాత కంపెనీ సైకిలు కదా, సామాను దొరకదేమో అని కూడ వెనుకాడనక్కరలేదు. నేటి హర్యానాలోని సోనీపట్‌లో 1951లో మొదలైన అట్లాస్ కంపెనీ 2020 జూన్ 3న సాహిబాబాద్‌లోని తన చివరి కర్మాగారమును ఆపివేసినది. అయినా మామూలు సైకిళ్ళ హబ్బు మరలు ఒకే కొలతలో ఉండును గనుక వేరే కంపెనీ ఫ్రీవీలు అట్లాస్‌కు కూడ సరిపోతుంది.

ఊడదీయుట మాత్రము దుకాణము పని. తొక్కిన ప్రతి సారీ ఫ్రీవీలు ఇంకా బిగుసుకుంటుంది. దాని గాడిలో కూర్చునే ప్రత్యేకమైన పనిముట్టు పెట్టి, దానిని వైసులో పట్టించి, చక్రమును ఎడమకు తిప్పితే వస్తుంది. సుత్తి, ఉలితో కొట్టనీయకండి; గాడి విరిగితే హబ్బు కూడ పోతుంది. కొత్తది ఎక్కించే ముందు మరల మీద కొంచెము గ్రీజు పూయమని అడగండి. మళ్ళీ తీయవలసి వచ్చినప్పుడు సులభమగును. అప్పుడే చైను కూడ కొలిపించండి. కొత్త చైనులో 24 లింకులు సరిగా 12 అంగుళములు. అది అంగుళములో ఎనిమిదవ వంతు సాగితే మార్చవలెను, లేకపోతే సాగిన చైను కొత్త పళ్ళను తొందరగా తినివేస్తుంది.

పట్నము నుండి వచ్చే గేర్ల సైకిళ్ళలో ఒక తేడా ఉండవచ్చును. జపానుకు చెందిన షిమానో కంపెనీ 1978లో ఈ నాలుకలను హబ్బులోనే అమర్చి, పళ్ళ చక్రములను మాత్రము పైన తొడిగే పద్ధతిని మార్కెట్టులోకి తెచ్చినది. దానిని ఫ్రీహబ్బు అంటారు. లక్షణములు ఒక్కటే, విడి భాగములు వేరు. అట్టి సైకిలు కొనే ముందు దాని ఫ్రీహబ్బు మన దగ్గర దొరుకునో లేదో విచారించుట మేలు.

దారిలో ఫ్రీవీలు జారితే బలవంతముగా తొక్కకండి. బరువు దించి, సైకిలును తోసుకొని నడుచుటే క్షేమము. మంథని ప్రాంతపు ఋతువులను బట్టి సంవత్సరమునకు మూడుసార్లు ఫ్రీవీలును చూసుకుంటే చాలును. బడులు తెరిచే జూనులో ఒకసారి, వానలు వెనుకపట్టిన తరువాత ఒకసారి, యాసంగి కోతల దుమ్ము అణగిన తరువాత ఒకసారి. వరద నీటిలో మునిగితే వెంటనే.

వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, చెట్టు కింద నిలిపిన సైకిలు తాళము తీసేటప్పుడు పెడలును ఒకసారి వెనుకకు తిప్పి వినండి. క్యారియరు మీద తల్లిని ఎక్కించుకొనుటకు ముందు అర నిమిషము పని.