కలవని గీతల లెక్క

రెండు సరళరేఖలు సమాంతరమైతే వాటి వాలులు సమానం. ఇంటర్ మొదటి సంవత్సరం 1బి పేపరు చదివినవాళ్లను నిద్రలో లేపి అడిగినా ఈ మాట చెబుతారు. అదేం గొప్ప, అని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. సూత్రం వచ్చు, అది ఎంత పెద్ద పని చేసిపెడుతోందో వాళ్లకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. బీజగణితంలో నాకు అత్యంత ఇష్టమైన సంగతుల్లో ఇదొకటి, కాబట్టి ఆ పని నేను చేస్తాను.

సమాంతర రేఖలంటే ఎంత దూరం పొడిగించినా కలవనివి. ఎంత దూరమంటే, అంతూపొంతూ లేనంత. మన నోటుపుస్తకం పేజీ చూస్తే జానెడు. పేజీ మీద చక్కగా పక్కపక్కనే సాగుతున్న రెండు గీతలు ఊరవతల ఎక్కడో కలుసుకోవని ఎలా చెప్పగలం? కంటిని నమ్మడానికి లేదు. ఒక గీత y = 2x + 5 అనుకోండి, ఇంకొకటి y = 2.001x. గ్రాఫు కాగితం మీద సెంటీమీటరుకు ఒకటి చొప్పున వేస్తే ఎవరికైనా సమాంతరంగానే కనిపిస్తాయి. స్కేలు పెట్టి కొలిచినా తేడా దొరకదు. అయినా x విలువ 5000 దగ్గర అవి కలుస్తాయి. అంటే పేజీ నుంచి 50 మీటర్లు పక్కకు, నూరు మీటర్లు పైకి వెళ్లాలి. రెండో గీత వాలు సరిగ్గా 2 అయి ఉంటే, 50 మీటర్లు కాదు, నక్షత్రాల దాకా వెళ్లినా కలవవు.

ఈ తేడా తెలుసుకోవడానికి మనం చేసే పనల్లా ఒక్కో గీత మీద రెండు బిందువులు తీసుకుని, రెండు తీసివేతలు, ఒక భాగహారం. (1, 2), (4, 8) గుండా పోయే గీత: నిలువున 6 పెరిగింది, అడ్డంగా 3 జరిగింది, వాలు 2. (0, 5), (3, 11) గుండా పోయేది: 6 బై 3, మళ్లీ 2. అంతే. అనంతం దాకా నడిచి చూడాల్సిన ప్రశ్నకు మూడో తరగతి పిల్లవాడి లెక్కతో జవాబు వచ్చేసింది. నేను గొప్ప అన్నది దీన్నే.

ఈ సౌకర్యం చాలాకాలం లేదు. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ తన రేఖాగణితాన్ని కూర్చినప్పుడు, గీతలు కలుస్తాయా లేదా అన్న సంగతిని ఐదో స్వీకృతంగా పెట్టాల్సి వచ్చింది. మిగతా నాలుగూ ఒక్కో వాక్యంలో తేలిపోతాయి. ఇది మాత్రం చాంతాడంత. ఇచ్చిన గీతకు, దాని మీద లేని బిందువు గుండా ఒకే ఒక్క సమాంతర రేఖ ఉంటుందని ఇప్పుడు మనం చదువుకునే రూపం స్కాట్లాండుకు చెందిన జాన్ ప్లేఫేర్ పేరు మీద ఉంది. ఆయన పుస్తకం 1795 నాటిది. ఐదో స్వీకృతాన్ని మిగతా నాలుగింటి నుంచి రాబట్టాలని తరాల తరబడి గణితజ్ఞులు ప్రయత్నించారు. అది కుదరలేదు. ఆ స్వీకృతం లేని రేఖాగణితాన్ని 1829లో లొబచెవ్‌స్కీ, 1832లో బోల్యాయ్ రాసి చూపించారు.

యూక్లిడ్‌కూ వీళ్లకూ మధ్యలో, 1637లో, డెకార్ట్ రేఖాగణితాన్ని బీజగణితంతో ముడిపెట్టాడు. అదే కాలంలో ఫెర్మా కూడా ఆ దారినే వెళ్లాడు. మనం గీసే నిలువు, అడ్డం అక్షాలు డెకార్ట్ పుస్తకంలో ఇలాగే ఉండవు, y = mx + c కూడా కనిపించదు; అవి తర్వాతివాళ్లు చక్కదిద్దుకున్నవి. కానీ గీతను సమీకరణంగా రాయొచ్చన్న ఆలోచన కుదిరాక, ప్లేఫేర్ మాట నాలుగు పంక్తుల లెక్క అయిపోయింది. 2x + 3y = 6 అన్న రేఖకు (3, 4) గుండా సమాంతర రేఖ కావాలి. వాలు మారకూడదు కాబట్టి ఎడమవైపు అలాగే ఉంటుంది. కుడివైపు మాత్రమే మారుతుంది. 2×3 + 3×4 = 18. కావలసిన రేఖ 2x + 3y = 18. ఇంకో జవాబుకు చోటు లేదు. (యూక్లిడ్ స్వీకృతం దీంతో రుజువైపోయిందని అనుకోకూడదు. నిరూపక తలం గీసుకున్నప్పుడే మనం దాన్ని ఒప్పేసుకున్నాం.)

బడిలో సమాంతర రేఖలనగానే చూపించే ఉదాహరణ రైలు పట్టాలు. ఆ పట్టాల పక్కనే రెండు చేతులున్న చిన్న స్తంభాలు అక్కడక్కడా నిలబడి ఉంటాయి. వాటిని ఎవరూ చూపించరు. ఒక చేయి ఇటువైపు దారి ఎక్కుతోందో దిగుతోందో చెబుతుంది, రెండోది అటువైపు సంగతి. చేతి మీద 100 అని ఉంటే నూటికి ఒకటి, అంటే నూరు మీటర్లకు ఒక మీటరు ఎత్తు మారుతుందని. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖకు దించే కొత్తవలస–కిరండూల్ లైన్లో ఈ వాలు అరవైకి ఒకటి దాకా ఉంటుంది. తిన్నగా సాగే దారిలో ఒక పట్టా నూటికి ఒకటి చొప్పున, రెండోది తొంభైతొమ్మిదికి ఒకటి చొప్పున ఎక్కాయనుకోండి. కిలోమీటరు తిరిగేసరికి ఒకటి రెండోదానికన్నా పది సెంటీమీటర్లు పైకి లేస్తుంది. బండి నడవదు.

నాకు పట్టాలకన్నా దుకాణం బిల్లులు ఎక్కువ నచ్చుతాయి. పదో తరగతిలో రెండు చరరాశుల రేఖీయ సమీకరణాల జతలు ఉంటాయి. పెన్ను ఎంత, పుస్తకం ఎంత అని కనుక్కునే లెక్కలు. ఒక ఇంట్లో 2 పెన్నులు, 3 నోటుపుస్తకాలు కొన్నారు, బిల్లు 140 రూపాయలు. పక్కింటివాళ్లు అదే దుకాణంలో, అవే ధరలకు, 4 పెన్నులు, 6 పుస్తకాలు కొన్నారు, బిల్లు 298. సరుకు సరిగ్గా రెట్టింపు కాబట్టి బిల్లు 280 కావాలి. లెక్క కుదరదు. పుస్తకం భాషలో ఇవి అసంగత సమీకరణాలు, సాధన లేదు. పిల్లలు అంతటితో ఆపి తర్వాతి లెక్కకు వెళ్లిపోతారు. అక్కడే ఇంకాస్త సేపు కూర్చోవాలి.

పెన్ను పది రూపాయలు అనుకుందాం. మొదటి బిల్లు ప్రకారం పుస్తకం 40, రెండో బిల్లు ప్రకారం 43. పెన్ను 16 అనుకుంటే 36, 39. పెన్ను 25 అయితే 30, 33. పెన్ను ధర ఏమనుకున్నా రెండు బిల్లుల మధ్య పుస్తకం దగ్గర మూడు రూపాయల తేడా వస్తూనే ఉంది. అది తగ్గదు, పెరగదు. పెన్ను ధరను అడ్డంగా (x), పుస్తకం ధరను నిలువుగా (y) పెట్టి గ్రాఫు మీద గీస్తే ఆ మూడు రూపాయలే రెండు సమాంతర రేఖల మధ్య నిలువు ఎడం. ఈ గీతల వాలు రెండింటికీ మైనస్ రెండు బై మూడు: పెన్ను మూడు రూపాయలు పెరిగితే, బిల్లు మారకుండా ఉండాలంటే పుస్తకం రెండు రూపాయలు తగ్గాలి. ఆ రెండూ మూడూ ఎక్కడివో చూడండి. రెండు పెన్నులు, మూడు పుస్తకాలు. వాలును నిర్ణయించింది ఏ నిష్పత్తిలో కొన్నారన్నది మాత్రమే. బిల్లు మొత్తం గీతను పైకో కిందికో జరుపుతుంది తప్ప దాని వాలు జోలికి పోదు. పక్కింటివాళ్ల బిల్లు సరిగ్గా 280 అయి ఉంటే రెండో గీత వచ్చి మొదటి గీత మీదే పడేది. రెండు బిల్లులున్నా తెలిసింది ఒక్క సంగతే అయ్యేది.

సమీకరణాల జత ఒక అధ్యాయంలో, గీతల వాలు వేరే అధ్యాయంలో ఉండటం వల్ల ఈ చుట్టరికం పిల్లల కంట పడటం లేదు. సాధన లేని జతంటే సమాంతర రేఖలే. ఇది తెలిసినవాడు 2x + 3y = 6 చూసి వాలు 2 అని రాయడు. x ముందున్నదాన్ని వాలుగా తీసేసుకోవడం పరీక్ష పేపర్లలో మామూలుగా కనిపించే తప్పు. y ఒక్కటీ ఎడమవైపు మిగిలినప్పుడే x ముందున్నది వాలు అవుతుంది. ఇక్కడ మూడుతో భాగించాలి, గుర్తు మార్చాలి. బిల్లు మనసులో ఉన్నవాడికి ఆ గుర్తెందుకు మారుతుందో కూడా తెలుసు.

నిలువు గీతల సంగతి కూడా ఈ బిల్లులతోనే తేలుతుంది. రెండిళ్లవాళ్లూ పుస్తకాలు కొనలేదు, పెన్నులే కొన్నారు. 2 పెన్నులకు 20 రూపాయలు, 4 పెన్నులకు 60. ఒక బిల్లు పెన్ను పది అంటుంది, ఇంకొకటి పదిహేను అంటుంది. పుస్తకం ధర ఎంతైనా కావచ్చు. గ్రాఫు మీద ఇవి x = 10, x = 15. సమాంతర రేఖలే, కానీ వాలులు సమానమని చెప్పడానికి లేదు. అడ్డంగా జరిగింది సున్నా, సున్నాతో భాగించలేం కాబట్టి వీటికి వాలే లేదు. ఇలాంటప్పుడు భాగహారం మానేసి అడ్డగుణకారం చేస్తే సరిపోతుంది. మొదటి జతలో 2×6, 4×3, రెండూ 12. ఈ జతలో 2×0, 4×0, రెండూ సున్నా. రెండు చోట్లా ఎడమవైపు ఒకే నిష్పత్తి, కుడివైపు మొత్తాలది వేరే నిష్పత్తి. నిలువు గీతలకని వేరే నియమం పెట్టుకోనక్కర్లేదు.