చెరువు నీళ్లలో పుట్టే ఊపిరి

గన్నవరం నుంచి గుడివాడ వైపు వెళ్తుంటే వరి చేల నడుమ చేపల చెరువులు కనిపిస్తాయి. శీలావతి, బొచ్చె పెంచుతున్న ఒక చెరువు గట్టు మీదికి మధ్యాహ్నం ఎండలోనే వెళ్లాను. నాక్కావలసింది ఆ ఎండే. రైతు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే డీఓ మీటరు వైరు నీళ్లలోకి వదిలారు. అంకెలు కాసేపు ఊగిసలాడి 12 దగ్గర నిలిచాయి. లీటరు నీటిలో 12 మిల్లీగ్రాముల ఆక్సిజన్.

"తెల్లారుజామున చూడండి మాస్టారూ, మూడు కూడా ఉండదు. చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తాయి," అన్నారాయన.

ఆ 12 మామూలు అంకె కాదు. ముప్పై డిగ్రీల వేడి ఉన్న మంచినీటిలో గాలి నుంచి కరిగే ఆక్సిజన్ లీటరుకు సుమారు ఏడున్నర మిల్లీగ్రాములే. అంతకు మించి ఉందంటే అది పైనుంచి దిగింది కాదు, నీళ్లలోనే పుట్టింది. నీటికి ఆ పచ్చరంగునిచ్చిన ప్లాంక్టన్, అంటే కంటికి విడిగా ఆనని నాచు, ఎండను పట్టి నీటి అణువులను విడగొడుతోంది. వాటిలోంచి లాగిన ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు ఆహారం తయారీకి పోతాయి. మిగిలిన ఆక్సిజన్ చేపలకు ఊపిరి.

గట్టు వార హైడ్రిల్లా అనే నీటి మొక్క తీగలున్నాయి. ఒక కాడ తెగి ఉంది. తెగిన చోటు నుంచి సన్నని బుడగలు వరసగా పైకి లేస్తున్నాయి. గొడుగు అడ్డం పట్టాను. కాసేపటికి వరస పలచబడింది. గొడుగు తీస్తే మళ్లీ జోరందుకుంది.

ఈ బుడగల్లోని ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌లోంచి వస్తుందని చాలాకాలం నమ్మారు. 1941లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో శాస్త్రవేత్తలు రూబెన్, కామెన్‌ల బృందం బరువైన ఆక్సిజన్-18 ఉన్న నీటిని క్లోరెల్లా నాచుకి ఇచ్చి చూసింది. బయటికొచ్చిన ఆక్సిజన్‌లో ఆక్సిజన్-18 వాటా నీటిలోని వాటాతోనే సరిపోయింది.

నీరు అంత తేలిగ్గా విడిపోదు. వేడితో విడగొట్టాలంటే వేల డిగ్రీలు కావాలి. నాచు ఆ పనిని చెరువు చల్లదనంలోనే కానిస్తుంది. దాని కణాల్లో నాలుగు మాంగనీస్, ఒక కాల్షియం, అయిదు ఆక్సిజన్ పరమాణువులు కలిసిన చిన్న ముద్ద ఉంటుంది. వెలుతురు తునక ఒక్కోటి పడ్డప్పుడల్లా ఆ ముద్ద ఒక ఎలక్ట్రాన్‌ను వదులుకుంటుంది. నాలుగు పోయాక ఆ లోటును రెండు నీటి అణువుల నుంచి పూడ్చుకుని ఒక ఆక్సిజన్ అణువును విడుస్తుంది. చీకట్లో ఉంచిన ఆకుపచ్చ కణాలపై 1969లో జోలియో అనే శాస్త్రవేత్త మెరుపులాంటి వెలుగును విడతలుగా పంపితే, మూడో మెరుపుకీ, ఆపై ప్రతి నాలుగో మెరుపుకీ ఆక్సిజన్ ఎక్కువగా వచ్చింది. మరుసటి ఏడాది కాక్ అనే మరో శాస్త్రవేత్త ఈ నాలుగు అడుగుల వరసతో దానికి లెక్క చెప్పాడు. ఆ ముద్దలో ఏ పరమాణువు ఎక్కడుందో 2011లో జపాన్‌లో షెన్, కమియా బృందాలు స్పష్టంగా చూపాయి. చివరి అడుగులో రెండు ఆక్సిజన్లు సరిగ్గా ఎలా జతకడతాయన్న చర్చ మాత్రం ఇంకా నడుస్తోంది. ఇంత పెద్ద విద్యను బడిలో ఒక్క సమీకరణంతో దాటేయడం నాకు బాధగానే ఉంటుంది.

"అయితే నీళ్లు ఎంత పచ్చగా ఉంటే అంత మంచిదా?" అని అడిగాను.

"అదే పొరపాటండీ. మరీ చిక్కబడితే అడుగుకి ఎండ దిగదు. రాత్రి ఆ నాచే ఆక్సిజన్ తినేస్తది."

నిజమే. పొద్దుగూకగానే నీటిని విడగొట్టే పని ఆగిపోతుంది. శ్వాస మాత్రం నాచుకీ, చేపకీ, అడుగు మట్టిలోని బ్యాక్టీరియాకీ తెల్లవార్లూ సాగుతుంది. పగలు పోగైన నిల్వే రాత్రికి ఆధారం. మబ్బు పట్టిన రోజు ఆ నిల్వ తక్కువ. అందుకే ఆయనకు సాయంత్రం రీడింగు ముఖ్యం.

మాటల్లో ఉండగానే పడమర నుంచి మబ్బు కమ్మింది. ఆయన కుర్రాణ్ణి కేకేసి సాయంత్రం మేత సగానికి తగ్గించమన్నారు. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లను అర్ధరాత్రి దాకా వేచి ఉండకుండా రాత్రి పదింటికే వేయమని, జనరేటర్‌లో డీజిల్ ఉందో లేదో చూడమని చెప్పారు.