చక్రాల మీద సంసారం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇంటికి చక్రాలు బిగించి చూడు అనడం మాత్రం వాళ్ళకి తోచలేదు. వాళ్ళ కాలంలో అదొక పరీక్ష కాదు మరి. గూడుబండిలో గడ్డి పరిచి, పైన జంపఖానా వేసి, బియ్యం మూటా, చింతపండూ, ఇత్తడి గిన్నెలూ, పిల్లలూ అందరినీ అందులోనే సర్ది, తోపు కనబడ్డచోట ఎడ్లు విప్పి, మూడు రాళ్ళు పెట్టి వండుకు తినడం మా విజయనగరం, శ్రీకాకుళం వైపు సంసారాలకి అలవాటైన పనే.

అమెరికాలో ఉన్న మా బావమరిది ఆ మధ్య ఒక ఫొటో పంపించేడు. బస్సంత బండి. అందులో మంచాలూ, వంటపొయ్యీ, స్నానాలగదీ. రాత్రికి బండి నిలుపుకునే జాగాకి అద్దె కడితే, మంచినీళ్ళ కుళాయీ, కరెంటూ, మురుగు పోయే గొట్టమూ అక్కడే తగిలించుకోవచ్చట. పిల్లలు ఆ ఫొటోని నాలుగుసార్లు తిప్పి తిప్పి చూసేరు. మా అమ్మ కళ్ళజోడు సవరించుకుని, "ఇదేమిట్రా, మా నాన్న గూడుబండే కదా! ఎడ్లు లేవు గాని" అంది.

అమ్మకి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఓపిక ఉండగా ఇంకొక్కసారి రామతీర్థం, శ్రీముఖలింగం చూడాలని మూడేళ్ళుగా అంటోంది. మోకాళ్ళ మూలాన బస్సెక్కలేదు. ఆచారం మూలాన హోటల్లో తినలేదు. అందుచేత ఈ సంక్రాంతికి, కనుమనాడు కాకైనా కదలదంటారు గనక ముక్కనుమ కూడా వెళ్ళనిచ్చి, ఒక వ్యాను అద్దెకి మాట్లాడేను. ముందు ఎనిమిది సీట్లు, వెనక రెండు బల్లలూ పరుపులూ. పొయ్యి మాది, అయిదు కిలోల గ్యాసు బండ మాది. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు. ఆవకాయ జాడీని మా ఆవిడ పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుంది. డ్రైవరు గజపతినగరం వైపు కుర్రాడు. ఎక్కే ముందు సామానంతా ఓసారి కలయజూసి, "ఇల్లు ఖాళీ చేసేస్తన్నారేటండి?" అని అడిగేడు.

రామతీర్థం విజయనగరానికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లే. దానికి ఇంత హంగామా ఏమిటని మీరనవచ్చు. బండి సంసారంలో దూరం లెక్క కాదు, దిగిన చోటు లెక్క. బోధికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండ, ఆ రాతికొండల నీడలో రాములవారి గుడీ, బౌద్ధుల నాటి ఇటికల శిథిలాలూ పక్కపక్కనే ఉంటాయి. దర్శనమయ్యేక, తన చిన్నప్పుడు బండి విప్పిన మామిడితోపు చూపిస్తానని అమ్మ దారి చెప్పింది. అమ్మ చెప్పిన మలుపు ఉంది. తోపు లేదు. సున్నం కొట్టిన రాళ్ళు వరసగా పాతి, ప్లాట్లు అమ్మబడునని బోర్డు కట్టేరు. అమ్మ ఆ రాళ్ళకేసి చూసి, "నూతిని కూడా కప్పెట్టేసేరా?" అంది.

ఇంకో మైలు వెళ్ళేక ఒక చిన్న తోట దొరికింది. కాపలా ముసలాయన, "పూత మీదున్నాయి బాబూ చెట్లు. కింద మంట ఎట్టకండి, అవతల గట్టు మీద ఎట్టుకోండి" అన్నాడు. గ్యాసు పొయ్యి వ్యానులోనే ఉండిపోయింది. అమ్మ పట్టుబట్టి మూడు రాళ్ళు ఏరించింది. కొత్త బియ్యం అన్నం, నిప్పుల మీద కాల్చిన వంకాయ పచ్చడి, చిక్కుడుకాయ కూర, మాడు వాసన వేసిన చారు. ఇంట్లో చారు మాడితే నేను చెయ్యి కడుక్కుని లేచిపోతాను. అక్కడ రెండోసారి వడ్డించుకున్నాను. అమ్మ చాలా ఏళ్ళ తరవాత నేలమీద కూచుని వంట చేసింది. లేవడానికి మాత్రం ముగ్గురం కావలసివచ్చేం.

రాత్రి మామిడిపూత వాసన, నక్షత్రాలు, దూరంగా గుడి మైకు. తరవాత దోమలు. ఆ తరవాత డ్రైవరు గురక. పన్నెండేళ్ళ మావాడు ఆ గురకకి తాళం వేస్తూ నిద్రపోయేడు.

తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి కదా, మజిలీ అనగానే నాకు ఏనుగుల వీరాస్వామయ్యగారు గుర్తుకొస్తారు. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన ఆయన 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న మళ్ళీ మద్రాసు చేరేరు. వెంట పెద్ద పరివారం, పల్లకీలు, డేరాలు. తిరుగు ప్రయాణంలో జగన్నాథం చూసుకుని మన సముద్రతీరం వెంటే దిగివచ్చేరు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర తెరిచి చూడండి. దేవుళ్ళ మాట ఎంత ఉందో, ఏ ఊళ్ళో దిగడానికి వసతి ఉంది, నీళ్ళెలా ఉన్నాయి, అంగళ్ళలో ఏం దొరుకుతాయి అన్న మాటా అంతే ఉంది. సంసారంతో దారి నడిచినవాడికి గాని తెలియని సంగతులవి. మన పూర్వులు ఊరికే తటాకాన్నీ, వనాన్నీ సప్తసంతానాల్లో చేర్చలేదు. కొడుకుతో సమానంగా లెక్కపెట్టేరు వాటిని.

మర్నాడు పొందూరు. అక్కడ వాలుగచేప దవడతో పత్తిని ఏకడం మా అమ్మాయి సెల్‌ఫోన్లో పట్టుకుంది. సాయంత్రం అరసవల్లి. స్వామి పాదాలమీద సూర్యకిరణాలు పడేది మార్చిలోనూ అక్టోబరులోనూ గనక మాకు ఆ భాగ్యం లేదు. దర్శనం బాగానే అయింది. అసలు కథ ఆ తరవాత.

ఆ రాత్రి మకాం పెద్దరోడ్డు పక్కన ఒక పెట్రోలు బంకు ఆవరణలో. కాశీకీ, పూరీకీ వంటవాళ్ళతో సహా తీసుకెళ్ళే యాత్ర బస్సు ఒకటి అప్పటికే అక్కడ దిగి ఉంది. గాడిపొయ్యి మీద డేగిసాలో పులిహోర కలుపుతున్నారు. డెబ్భై ఏళ్ళ మామ్మలు ఫ్లడ్‌లైటు కింద చాపలు పరుచుకుని, ఇల్లంత ధీమాగా తమలపాకులు నవుల్తున్నారు. బండిప్రయాణంలో వాళ్ళు మాకు తాతలు. "ఆడవారికి" అని రాసిన తలుపుకి తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్న కుర్రాడు డ్యూటీ దిగి వెళ్ళిపోయేడు. ఆ మామ్మలు చీకట్లోకి అయిదేసిమంది జట్టుగా వెళ్ళివస్తున్నారు. మా ఆవిడ, మా అమ్మాయి తెల్లవారేదాకా వ్యాను దిగలేదు.

మూడోరోజు శ్రీకూర్మం చూసుకుని శాలిహుండం వెళ్ళేం. వంశధార దక్షిణపు గట్టున కొండమీద బౌద్ధ స్తూపాలు. వాటిని 1919లో వెలుగులోకి తెచ్చినవారు మన గిడుగు రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాష కోసం అంత పోరాడుతూ, సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాస్తూ, కొండలెక్కి రాళ్ళు చూడడానికి ఆయనకి తీరిక ఎక్కడిదో! అమ్మ కింద వ్యానులోనే కూచుంది. మేం దిగివచ్చేసరికి దారిన పోయే ఇద్దరు ఆడవాళ్ళకి ఆవకాయ ముక్క పెట్టి స్నేహం చేసేసుకుంది.

సాయంత్రానికి కళింగపట్నం. ఒకప్పుడు ఓడలు వచ్చిన రేవు. ఇప్పుడు దీపస్తంభమూ, నది సముద్రంలో కలిసేచోట ఇసకా, తెప్పలూ. "ఇంకొంచెం ముందుకెళ్తే సముద్రం కిటికీలోంచి కనబడతాదండి" అని డ్రైవరు ముందుకు తోలేడు. సముద్రం కనబడింది. వెనక చక్రాలు కనబడలేదు. ఇరుసుదాకా ఇసకలో దిగిపోయేయి. పొద్దు గుంకుతోంది. వల బాగుచేసుకుంటున్న జాలరివాళ్ళు వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగేరు. వాళ్ళలో పెద్దాయన, "సామాన్లు దించకండి, మామ్మగారిని దించండి" అన్నాడు. తెప్ప లాగే మోకు తెచ్చి కట్టి, చక్రాల కింద కొబ్బరిమట్టలు తోసి, పదిమంది ఒక్క గొంతుతో హైలెస్సా అంటే మా చదువుకున్నవాళ్ళ బండి తెప్పలాగే గట్టెక్కింది. డబ్బివ్వబోతే పెద్దాయన నవ్వేడు. "రేపు మా తెప్ప దిగబడితే మీరు లాగుదురు గాని" అన్నాడు. ఆ రాత్రి వాళ్ళ వీధి చివర, దీపస్తంభం వెలుతురు చుట్టూ తిరుగుతూ ఉండగా తిన్న పెరుగన్నం రుచి నాకింకా నోట్లో ఉంది. ఇలాంటి రాత్రి ఒక్కటి దొరికితే ముందటి రెండు రాత్రుల దోమకాట్లూ మాఫీ అయిపోతాయని ఆ పూట అనుకున్నాను.

మా అమ్మాయి ఆ పూట అన్నం సరిగా తినలేదు.

తిరిగి పెద్దరోడ్డెక్కి, మడపాం దగ్గర వంశధార దాటి శ్రీముఖలింగం చేరేసరికి పది దాటింది. గాంగరాజుల కళింగనగరం ఇదేనంటారు. మధుకేశ్వరుడి గుడి గోడలమీది శిల్పం ముందు ఎంతసేపు నిలబడ్డా తనివితీరదు. అమ్మ నా భుజం పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి లోపలికి వెళ్ళి, లింగం ముందు కళ్ళు మూసుకుంది. ఏం మొక్కుకుందో అడగలేదు. బయటికి వచ్చేసరికి మండపంలో మా అమ్మాయి తల పట్టుకుని కూచుంది. ఒళ్ళు కాలుతోంది. చలి, వాంతి.

దగ్గర ఊళ్ళో డాక్టరమ్మ నాడి చూసింది, పొట్ట నొక్కి చూసింది. "రోజుకి నీళ్ళెన్ని తాగుతున్నావమ్మా?" అని అడిగింది. పిల్ల మాట్లాడలేదు. తల్లికేసి చూసింది. తల్లి నేలకేసి చూసింది. అప్పుడు మా అమ్మే చెప్పింది: "మూడురోజుల బట్టి ముగ్గురం గుక్కలు లెక్కెట్టుకునే తాగుతున్నాం తల్లీ. తాగితే వెళ్ళాలి కదా. ఎక్కడికెళ్ళడం?"

మూత్రంలో చీము చేరిందట. మందులు రాసింది, రోజుకి మూడు లీటర్లు తాగి తీరాలంది. యాత్ర బస్సుల్లో వచ్చే ఆడవాళ్ళు నెలకి ఎంతమందో ఇదే జబ్బుతో వస్తారని చెప్పింది. ఆవిడ కంఠంలో కోపం ఉంది. ఆ కోపం మామీద కాదు.

ఆ రాత్రి నరసన్నపేటలో లాడ్జి గది తీసుకున్నాం. వ్యాను బయట ఖాళీగా నిలబడింది. మావాడు మొహం ముడుచుకున్నాడు గాని ఎవరూ పట్టించుకోలేదు. తెల్లారేసరికి పిల్లకి జ్వరం దిగింది. ఇంటికి పోదామన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. "పక్షుల్ని చూడాలని దాని ఆశ. చూసే వెళ్దాం. ఇకమీదట ఎక్కడ ఆగాలో నేను చెప్తాను" అంది. ఆ క్షణంనుంచి మా ప్రయాణానికి మజిలీలు గుళ్ళు కావు, తలుపూ గడియా నీళ్ళూ ఉన్న స్నానాలగదులు. ఆవిడ ఒక చిన్న పుస్తకంలో ఊరూ, చోటూ, శుభ్రమా కాదా అని రాసుకోవడం మొదలుపెట్టింది. వీరాస్వామయ్యగారు చూస్తే సంతోషించేవారు.

టెక్కలి దాటి తేలినీలాపురం వెళ్ళేం. చింతచెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. సైబీరియానుంచి వస్తాయని ఊరివాళ్ళ మాట. చలికాలం ఇక్కడ గూళ్ళు కట్టి, పిల్లల్ని పెంచి, రెక్కలొచ్చేక తీసుకుపోతాయి. పండక్కి వచ్చిన ఆడపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంటారు వాటిని. మా అమ్మాయి సీసాడు నీళ్ళు తాగుతూ గంటసేపు చెట్లకేసి చూస్తూ కూచుంది.

చివరి రాత్రికి ఉద్దానం చేరేం. పలాస దాటితే జీడితోటలు, కొబ్బరితోటలు. 2018 అక్టోబరు 11న టిట్లీ తుఫాను ఈ తోటల్ని పేళ్ళు విరిచినట్టు విరిచేసింది. మొండేలు ఇంకా అక్కడక్కడ కనబడతాయి. ఈ నేలకి ఇంకో పెద్ద దుఃఖం ఉంది. దశాబ్దాలుగా ఇక్కడివాళ్ళని మూత్రపిండాల జబ్బు పట్టి పీడిస్తోంది. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు పూర్తిగా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో ఆ జబ్బుకే ఆస్పత్రీ, పరిశోధన కేంద్రమూ తెరిచేరు. హిరమండలం జలాశయంనుంచి గొట్టాల్లో మంచినీళ్ళు తెచ్చే పథకమూ అప్పుడే ప్రారంభించేరు.

మా క్యాన్లు అడుగంటేయి. దారిపక్కన ఒక పెంకుటింటి ముందు ఆగి మా ఆవిడ నీళ్ళడిగింది. అరవై ఏళ్ళ ఆవిడ బయటికి వచ్చి, నూతికేసి వెళ్ళలేదు, లోపలికి వెళ్ళి మూత బిగించిన క్యాను మోసుకొచ్చింది. అది కొన్న నీళ్ళు. "నూతి నీళ్ళు మేం తాగం. మీకెలా పోస్తాం?" అని మా సీసాలు నింపింది. పిల్ల మొహం చూసి, అడక్కుండానే దొడ్డివైపు తలుపు చూపించింది. దాని గడియ గట్టిగా ఉందని మా ఆవిడ తన పుస్తకంలో రాసుకుంది.

వ్యాను ఆ పెరట్లోనే పెట్టించింది ఆవిడ. భర్తని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పలాస తీసుకెళ్తుందట. అమ్మా, ఆవిడా అరుగుమీద చాలా రాత్రిదాకా మాట్లాడుకున్నారు. నా చెవిని పడింది తక్కువ. ఉదయం బయలుదేరేముందు మా దగ్గర మిగిలిన కొత్త బియ్యం ఇవ్వబోతే పుచ్చుకోలేదు. అమ్మ పట్టువదల్లేదు. చివరికి ఆవిడ బియ్యం పుచ్చుకుని, టిట్లీ తరవాత వేసిన చెట్ల మొదటి కాపు అంటూ కొబ్బరికాయల బస్తా తెచ్చి వ్యాను గుమ్మంలో పెట్టింది.

"ఇవెక్కడెట్టనండి? మామ్మగారి కాళ్ళు చాపుకునే జాగాలేదు" అని డ్రైవరు విసుక్కున్నాడు. అమ్మ కాళ్ళు ముడుచుకుంది.